గోడకు అంటించిన శీర్షిక

ముప్పై రెండేళ్ళపాటు జడ్జీల నోటివెంట వచ్చిన ప్రతి మాటనూ టైపు కొట్టిన మనిషి ఆమె. ఆ మాటల్లో సగం జనానికి అర్థం కావని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది. గెలిచినవాడు ఓడిపోయాననుకుని కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగడం, ఓడినవాడు వకీలు చేతులు పట్టుకుని కృతజ్ఞతతో ఊపేయడం ఆమె కళ్ళారా చూసింది. అందుకే గడువుకు ముందే రిటైరై, మర్నెల్లోనే పట్టణంలోని పత్రికాఫీసుకు వెళ్ళి, "తీర్పులను మామూలు మాటల్లో రాసిస్తాను, వేసుకుంటారా?" అని అడిగింది. సంపాదకుడు అనుమానంగానే నాలుగో పేజీలో ఒక మూల చోటిచ్చాడు. "తీర్పు విప్పి చెబితే" అని దానికి పేరు పెట్టారు.

ఆరేళ్ళలో ఆ మూల అరపేజీ అయింది. ఆమె అసలు పేరు జనం మరిచిపోయి తీర్పులక్క అనడం మొదలుపెట్టారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాసేది మరి. అద్దెకున్నవాళ్ళు, అద్దెకిచ్చినవాళ్ళు కూడా ఒకే కాగితం కత్తిరించి దాచుకునేవారు. ఒకసారి పళ్ళ డాక్టరు ఆమె నోట్లో అద్దం, పట్టకారు రెండూ పెట్టి, "పక్కింటి చెట్టు కొమ్మ మా గోడ మీదకొస్తే కొట్టేయొచ్చా అక్కా?" అని అడిగి, ఆమె ఊఁ ఊఁ అంటుంటే, "ఊఁ అంటే కొట్టేయొచ్చనేగా!" అని ఆ సాయంత్రమే కొట్టేశాడట. తర్వాత ఆ కొమ్మ మీద కేసు పడితే, నోట్లో అద్దం ఉన్నప్పుడు చెప్పిన సలహా చెల్లదని ఆమె నవ్వుతూ చెప్పుకునేది.

ఆ శీర్షికకు వెనకనుంచి ఊపిరి పోసింది తమ్ముడు. ఆమెకూ అతనికీ పద్నాలుగేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళు లేక కోర్టుకు వెంట తీసుకెళితే, టైపుబల్ల కింద కూర్చుని, పాడైన కాగితాల వెనక అక్షరాలు దిద్దుకుంటూ పెరిగాడు. ఇప్పుడతను పట్టణంలో పేరుమోసిన వకీలు. ప్రతి గురువారం సాయంత్రం కోర్టు నుంచి తిన్నగా అక్క ఇంటికొచ్చి, కొత్తగా వచ్చిన తీర్పుల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టేవాడు. ముఖ్యమైన చోట్ల పసుపు పెన్సిలుతో గీతలు గీసి ఉండేవి.

"ఈ వారం నీ పాఠకులకు ఇదక్కా," అనేవాడు.

మొదట్లో ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. తర్వాత కంటిలో పొర వచ్చింది. పైగా తమ్ముడు గీత గీసిన చోటే ఎప్పుడూ అసలు విషయం ఉండేది. క్రమంగా, అతను గీసిన గీత దాటి చూడాలని ఆమెకు తోచకుండా పోయింది.

అలా తెచ్చినవాటిలో ఒక తీర్పు పనిలో జబ్బుపడ్డవాళ్ళ గురించినది. పని వల్ల ఒంటికి దెబ్బ తగిలితే ఏడాదిలోగా పరిహారం కోసం అర్జీ పెట్టుకోవాలి. ఆ ఏడాది ఏ రోజు నుంచి లెక్క? జబ్బుకు పనే కారణమని డాక్టరు కాగితం ఇచ్చిన రోజు నుంచి, అని ఆ తీర్పు చెప్పింది. మామూలుగా ఏదీ తొందరపెట్టని తమ్ముడు, ఆ రోజు మాత్రం చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "ఈ ఆదివారమే వేయించక్కా. పాపం, పనివాళ్ళకు పనికొస్తుంది," అన్నాడు.

తమ్ముడికి పనివాళ్ళ మీద ఇంత జాలి ఉన్నందుకు ఆమె మురిసిపోయింది. మనసు పెట్టి రాసింది. "సగం కాగితాలతో కోర్టుకు పరుగెత్తకండి. తొందర లేదు. డాక్టరు కాగితం మీ చేతికొచ్చిన రోజు నుంచే మీ ఏడాది మొదలవుతుంది," అని చివర్లో పెద్ద అక్షరాల్లో వేయించింది.

అది జరిగిన ఏడు నెలలకు, ఒక బుధవారం పొద్దున, ఎవరో తలుపును మోచేత్తో తట్టిన చప్పుడైంది. తీసి చూస్తే యాభై ఏళ్ళ పొడగరి ఆడమనిషి. బెల్లు నొక్కలేదేమా అనుకుంటూ ఆమె చేతుల వైపు చూసింది తీర్పులక్క. చర్మం నున్నగా, మెరుస్తూ, అక్కడక్కడ పగిలి ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయాయి.

"తీర్పులక్క గారిల్లు ఇదేనామ్మా? నన్ను బాయిలరు పిన్ని అంటారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఉంది చూడండి, అందులో పద్దెనిమిదేళ్ళు బాయిలరు పక్కనే చేశాను."

లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే, గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగింది. తర్వాత నింపాదిగా చెప్పుకొచ్చింది. లాండ్రీలో మరకలు పోవడానికి కొత్తగా ఏదో ద్రావకం వాడటం మొదలుపెట్టారు. చేతి తొడుగులు అడిగితే వస్తాయి వస్తాయి అన్నారు. ఆ వస్తాయిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళ వేళ్ళు స్పర్శ కోల్పోయాయి. కోర్టులో అర్జీ పెడదామని అందరూ అనుకున్నారు.

"మరి అప్పుడే పెట్టలేదేం?"

"మీరే కదమ్మా తొందర లేదన్నారు," అంది బాయిలరు పిన్ని. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాన్ని బల్ల మీదకు జార్చింది. తీర్పులక్క రాసిన శీర్షికే. "డాక్టరు కాగితం కోసం ఆగాం. పెద్దాసుపత్రిలో పరీక్షలకు అయిదు నెలలు పట్టింది. అది పట్టుకెళ్ళి అర్జీ పెడితే, గడువు దాటిపోయిందని కోర్టులో పక్కన పెట్టేశారు. వేళ్ళు మొద్దుబారుతున్నాయంటే లాండ్రీలో మందిచ్చి పుస్తకంలో మా పేర్లు రాసుకున్న రోజు నుంచి ఏడాదట."

"కాదు కాదు. నా దగ్గర తీర్పుంది." తీర్పులక్క గబగబా లేచి ఫైలు తీసి చూపించింది. "చూడమ్మా, ఇదిగో. నేను రాసింది తప్పు కాదు."

"తప్పని నేననలేదమ్మా. కానీ తప్పు కాకపోతే మమ్మల్నెందుకు పంపేశారో, అది కూడా కాస్త విప్పి చెబుతారేమోనని వచ్చాను."

తీర్పులక్క బల్ల మీది కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. అది పత్రికలోంచి కత్తిరించిన ముక్క కాదు. అక్షరాలు రెండింతలున్నాయి. నాలుగు మూలలా జిగురు మరకలు.

"ఇంత పెద్దగా ఉందేం?"

"మేం పేపరు తీసుకెళ్తే గేటు దగ్గరే లాగేసుకుంటారమ్మా, పనిచేయకుండా చదువుతామని. అలాంటిది మీ కాగితాన్ని సూపర్‌వైజరే పెద్దది చేయించి, మేం బట్టలు మార్చుకునే గది గోడకు అంటించాడు. మా మంచి కోరాడని ఎంత సంబరపడ్డామో! నన్ను పనిలోంచి తీసేసిన రోజున పీకి తెచ్చుకున్నాను."

తీర్పులక్క ఆ జిగురు మరకలను మళ్ళీ చూసింది. చేతి తొడుగులు కొనని లాండ్రీకి, పనివాళ్ళకు చట్టం చెప్పే తీరిక ఎక్కడిది?

తమ్ముడికి ఫోను చేస్తే ఎత్తలేదు. చీర మార్చుకుని కోర్టుకు బయల్దేరింది. రికార్డు గదిలో ఆమెతోపాటు ఉద్యోగంలో చేరిన గుమాస్తా ఇంకా ఉన్నాడు. ఎప్పుడూ నెత్తిన, భుజాన దుమ్ముతో ఉంటాడని అతన్ని అందరూ దుమ్ముదొర అంటారు. తీర్పు నంబరు రాసిచ్చి, "దీని మీద ఆ తర్వాత ఏమన్నా వచ్చిందేమో చూడు," అంది. అతను అరలన్నీ వెతికి, తుమ్ముకుంటూ వచ్చి, ఒక కట్ట ఆమె ముందు పెట్టాడు.

"నీ తీర్పు చచ్చిపోయి చాలా కాలమైంది. పైకోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చుని కొట్టేశారు, జబ్బు బయటపడ్డ రోజు నుంచే ఏడాది లెక్కన్నారు. నీకు తెలియదా?"

ఆమె మొదటి పేజీ తేదీ చూసింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న కాగితం మీద, తమ్ముడు ఇచ్చిన గురువారం తేదీని అలవాటుగా అప్పుడే తనే వేసుకుని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ తీర్పును తమ్ముడు తన చేతిలో పెట్టేనాటికి, అది కొట్టుడుపోయి తొమ్మిది రోజులైంది.

పొరపాటేమో అనుకుంది. పని ఒత్తిడిలో చూసుకోలేదేమో. అలా అనుకుంటూనే, ఇలాంటి వేల పేజీలు కొట్టిన వేళ్ళు కనక, అవి వాటంతటవే కిందికి జారి "హాజరైన న్యాయవాదులు" అన్న వరస దగ్గర ఆగాయి. ఒక గాజు ఫ్యాక్టరీ యాజమాన్యం తరఫున నిలబడి, వాదించి, ఆ తీర్పును కొట్టేయించింది తన తమ్ముడే.

"లాండ్రీ పనివాళ్ళ అర్జీ కూడా చూపించు," అంది.

దుమ్ముదొర తెచ్చాడు. తొమ్మిదిమంది వేలిముద్రలు. వెనక, గడువు దాటింది కాబట్టి అర్జీని తీసుకోవద్దంటూ లాండ్రీ పెట్టిన అభ్యంతరం. అడుగున వకీలు సంతకం. ఆ సంతకంలో చివరి అక్షరాన్ని ఎలా మెలి తిప్పాలో నాలుగేళ్ళ పిల్లాడి చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఎవరెవరి గురించో అంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

తమ్ముడి ఆఫీసు కోర్టుకు ఎదురు వీధిలో, రెండో అంతస్తులో. గోడల నిండా పుస్తకాలు. అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు, ఎప్పట్లాగే. ఆమె రెండు తీర్పులనూ అతని ముందు పెట్టింది.

అతను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చో అక్కా. టీ తెప్పించనా?"

"ఇది నీకు తెలుసా, తెలియదా?"

"నేను నీకు అబద్ధం చెప్పలేదక్కా. నీకిచ్చింది నిజమైన తీర్పే కదా."

"చచ్చినవాడి ఫొటో చూపించి పెళ్ళి సంబంధం కుదిర్చినా ఫొటో నిజమైనదేరా!"

అతనికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. ఆ నవ్వు చూసి ఆమె ఒళ్ళు మండింది. అంతదాకా మిగిలి ఉన్న, ఏదో పొరపాటేలే అన్న ఆశ కాస్తా అక్కడే ఆరిపోయింది.

"లాండ్రీ వాళ్ళు నా కక్షిదారులు. వాళ్ళను కాపాడటం నా వృత్తి ధర్మం," అన్నాడు. "పనివాళ్ళు కోర్టుకెళ్తామని అప్పటికే గొణుగుతున్నారు. నేనెవర్నీ బెదిరించలేదు, ఎవరి కాగితమూ చింపలేదు. నీ శీర్షిక నువ్వు రాసుకున్నావు, వాళ్ళు చదువుకున్నారు. అయినా అక్కా, తీర్పు మొత్తం చదివి, నిలబడి ఉందో లేదో చూసుకుని రాయాల్సింది నువ్వు కదా?"

ఆ చివరి మాట తిన్నగా వెళ్ళి తగిలింది. ఎందుకంటే అది నిజం. మెత్తని కత్తి అంటే ఇదే కాబోలు.

"వాళ్ళు నన్ను చూసి ఆగారు. నేను నిన్ను చూసి రాశాను," అంది. "ఇప్పటికైనా ఆ కేసులోంచి తప్పుకో. ఆ అభ్యంతరం వెనక్కి తీసుకోమని వాళ్ళకు చెప్పు."

"చూద్దాంలే," అన్నాడు. ఆ తర్వాతి గురువారం అతను రాలేదు.

బాయిలరు పిన్ని వాళ్ళకు ఉచితంగా వాదిస్తున్నది కొత్తగా చేరిన ఒక వకీలమ్మ. కోర్టు వరండాలో ఒక బెంచీయే ఆమె ఆఫీసు. తీర్పులక్క చెప్పిందంతా విని ఆమె పెన్ను మూసింది.

"తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు అక్కా. మీ శీర్షిక చదివి ఆగామని వాళ్ళూ, నేను రాసింది తప్పని మీరూ ప్రమాణం చేసి చెబితే ఆశ ఉంది. కానీ ఆరేళ్ళుగా సంపాదించుకున్న మీ మాట పోతుంది. ఆలోచించుకోండి."

"ఉన్నప్పుడే కదా అది వాళ్ళ చేతులు విరిచింది. పోనీ."

ప్రమాణపత్రం తనే టైపు చేసుకుంది. తీర్పు ఎవరిచ్చారు అన్న చోట మాత్రం చాలాసేపు ఆగి, "నాకు తెలిసిన ఒక న్యాయవాది" అని కొట్టింది. వకీలమ్మ అడిగినా పేరు చెప్పలేదు. తమ్ముడు తనంతట తాను తప్పుకుంటాడని లోపల ఇంకా ఆశ. వాదనకు రెండు రోజుల ముందు మరదలు వచ్చింది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది వదినా," అంది కళ్ళనీళ్ళతో. "ఆయన్ని పెంచింది మీరే. మీరే బజారున పడేస్తారా?"

"నేనేమీ రాయలేదమ్మా వాడి పేరు. ఆ రోజు కోర్టుకు రావద్దని చెప్పు. వేరే వకీలును పంపమను. అంతే నేనడిగేది."

వాదన రోజున హాలు నిండిపోయింది. వెనక వరసలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లాండ్రీ తరఫున ఎవరు లేస్తారా అని తీర్పులక్క బోనులోంచి చూసింది. నల్లకోటు సర్దుకుంటూ తమ్ముడే లేచాడు. మరదలు చెప్పలేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. అతని కళ్ళు చూశాక, చెప్పిందని అర్థమైంది. అక్క నోరు విప్పదని లెక్కకట్టుకునే వచ్చాడు. మోసం చేసినందుకన్నా, తన ప్రేమను అంత కచ్చితంగా లెక్క వేసుకున్నందుకు ఆమెకు ఎక్కువ నొప్పేసింది.

"సాక్షిగారూ," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్కా అని తప్ప ఇంకో మాటతో పిలవనివాడు. "మీరు న్యాయశాస్త్రం చదివారా?"

"లేదండీ."

"ఆ శీర్షిక రాసేముందు తీర్పు పూర్తిగా చదివారా?"

"లేదండీ."

"అది కొట్టుడుపోయిందో లేదో విచారించారా?"

"లేదండీ."

"అంటే, చదవకుండా, విచారించకుండా, జనానికి సలహా ఇచ్చారు. అంతేనా?"

"అంతేనండీ."

వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. "ఇక అడిగేదేమీ లేదు," అని అతను కూర్చోబోయాడు. ఇంతలో జడ్జి ప్రమాణపత్రం తిరగేస్తూ తలెత్తింది.

"ఒక్క నిమిషం. ఒక న్యాయవాది ఇచ్చారని రాశారు. కొట్టుడుపోయిన తీర్పును మీకిచ్చిన ఆ న్యాయవాది ఎవరు?"

తమ్ముడు కాగితాల్లోకి చూస్తున్నాడు. నిజం చెబుతానని ప్రమాణం చేసినవాళ్ళు ఇలాంటి ప్రశ్న దగ్గర నీళ్ళు నమలడం ఆమె వందలసార్లు చూసింది. "సాక్షి మౌనం వహించారు" అని వందలసార్లు టైపు చేసింది. ఇప్పుడు మూల కూర్చున్న కుర్ర స్టెనో వేళ్ళు గాలిలో ఆగి తన కోసం ఎదురుచూస్తున్నాయి.

"ఇప్పటిదాకా నన్ను ప్రశ్నలడిగిన ఈ వకీలు గారేనండీ," అంది. "నా తమ్ముడు."

స్టెనో వేళ్ళు మళ్ళీ కదిలాయి.

జడ్జి తమ్ముడి వైపు తిరిగి, "మీరు ఈ కేసులో ఇక నిలబడటం మర్యాదగా ఉండదనుకుంటాను," అంది. అతను తల వంచి, ఫైలు కట్టుకుని, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడలేదు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆలస్యాన్ని మన్నించారు, అర్జీని విచారణకు తీసుకున్నారు. అయితే అందుకు జడ్జి చెప్పిన కారణం పత్రికలో వచ్చిన తప్పు శీర్షిక కాదు. పత్రిక చూసి గడువు పోగొట్టుకున్నవాళ్ళందరినీ మన్నిస్తూ పోతే గడువుకు అర్థమే ఉండదన్నది. కానీ యాజమాన్యమే ఆ కాగితాన్ని గోడకు అంటించి పనివాళ్ళను జోకొట్టింది కాబట్టి, ఆ ఆలస్యంతో లాభపడే హక్కు యాజమాన్యానికి లేదన్నది. వకీలు ప్రవర్తనపై వకీళ్ళ సంఘం విచారించాలన్నది. చివర ఇంకో వాక్యం కూడా ఉంది: "చట్టం గురించి ప్రజలకు రాసేవారు, తాము చదవనిదాన్ని చదివినట్టుగా రాయడం బాధ్యతారాహిత్యం."

తీర్పులక్క ఈసారి ఉత్తర్వు పద్దెనిమిది పేజీలూ భూతద్దం పెట్టుకుని చదివింది. మొత్తం విప్పి రాసి సంపాదకుడికిచ్చింది. ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"ఈ చివరి వాక్యం ఎందుకక్కా? మన గోతిని మనమే తవ్వుకోవడం కాదూ?"

"ఇన్నాళ్ళూ ఎవరెవరి మీదో వచ్చిన తీర్పులు విప్పి చెప్పాను. నా మీద వచ్చింది మింగేస్తే ఎలా?"

వేశాడు. ఆ వారం ఉత్తరాలు సంచిలో పట్టనన్ని వచ్చాయి. సగం మెచ్చుకుంటూ, సగం తిడుతూ. "మీ మాట నమ్మి నేను కూడా ఒక కేసు వదులుకున్నాను, అది కూడా ఇలాంటిదేనా?" అని అడిగినవి నాలుగు. ఆ నాలుగింటికి జవాబు రాయడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఆరేళ్ళ శీర్షికలనూ ముందు వేసుకుని, తమ్ముడి పసుపు గీతలున్న ప్రతి తీర్పునూ రికార్డు గదిలో కూర్చుని సరిచూసుకుంది. ఇంకెక్కడా మోసం కనిపించలేదు. మిగతావన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. అన్నీ అబద్ధాలైతే తమ్ముణ్ణి మనసులోంచి తీసి పారేయడం తేలికయ్యేది.

లాండ్రీ కేసు మొదటి విచారణ రోజున ఆమె వెనక వరసలో, తొమ్మిదిమంది పక్కన కూర్చుంది. కొత్త ద్రావకం గురించి ఒక డాక్టరు రెండు గంటలు చెప్పాడు. వాయిదా పడ్డాక, బాయిలరు పిన్నితో కలిసి మెట్లు దిగుతుంటే ఎదురుగా తమ్ముడు ఎవరితోనో మాట్లాడుతూ ఎక్కుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆమె ఆగింది. అతను ఆగలేదు.

"మాట్లాడటం లేదామ్మా?" అంది బాయిలరు పిన్ని నెమ్మదిగా.

"లేదు."

"మా చెల్లెలు ఇంకా ఆ లాండ్రీలోనే చేస్తోంది. అర్జీలో వేలిముద్ర వేయనంది. దాని ఉద్యోగానికి ఎక్కడ ఎసరు పెడతానోనని నా గుమ్మం తొక్కడం మానేసింది. నిరుడు దాని చేతులకు మందు రాసింది నేనే."

ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. బస్సు వచ్చింది. చేతులతో కడ్డీ పట్టుకోలేదు కాబట్టి, బాయిలరు పిన్ని మోచేతిని తీర్పులక్క భుజానికి తగిలించింది. ఆమె నడుం పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కించి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టింది తీర్పులక్క.